మూన తిరిగింది

ప్రయాణం చేసి వచ్చిన మనిషికి కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చి, దాహమిచ్చి, కాసేపు నడుం వాల్చనివ్వడం మన ఇళ్ళలో ఆనవాయితీ. వాకిట్లోనే నిలబెట్టి, ఏమిటి సంగతులు, ఎందుకలా చిక్కిపోయావు, ఎప్పటికి కోలుకుంటావు అని ప్రశ్నలు వేసేవాణ్ణి ఎవరూ మర్యాదస్థుడనరు. ఈపాటి ఇంగితం నాకూ ఉందనే ఇన్నాళ్ళూ అనుకుంటూ వచ్చాను. లేదని నాలుగు నీటిమొక్కలు తేల్చి చెప్పాయి.

కిందటేడు జూన్‌లో నాకు హైదరాబాదులో ఒక కాలేజీలో ఉద్యోగం కుదిరి, అమలాపురం నుంచి కాపురం ఎత్తేశాం. సామాను లారీలో వచ్చింది. మేం ముగ్గురం రైల్లో వచ్చాం. మా అమ్మ మాత్రం, నాట్లు పూర్తయ్యేదాకా కదలనని ఊళ్ళోనే ఉండిపోయింది. ఉన్నది మూడెకరాలు, అదీ కౌలుకిచ్చినది. అయినా నాట్లు వేసేటప్పుడు ఆవిడ గట్టుమీద లేకపోతే చేను పండదని ఆవిడ నమ్మకం.

మావాడు అప్పుడు ఎనిమిదో తరగతి. ఊళ్ళో ఉన్నప్పుడు వాడి నోరు మూయించడం మా పని. ఇక్కడికొచ్చాక వాడి నోరు తెరిపించడం మా పని అయింది. బళ్ళో మొదటివారంలోనే ఎవరో పిల్లలు వాడి మాటకు నవ్వారట. వాడు ప్రతిదానికీ "ఆయ్" అంటాడనీ, పంతులమ్మగారితో మాట్లాడితే మాటకు రెండు "అండీ"లు తగిలిస్తాడనీ. అంతే, వాడు మాట్లాడటం తగ్గించేశాడు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా సగం నిండుగానే తిరిగి వచ్చేది. రాత్రి అన్నం దగ్గర కూర్చుంటే కంచంవంక చూసేవాడే గాని చెయ్యి కదిలేది కాదు.

తండ్రినన్నాక ఊరుకుంటానా? సాయంత్రం వాడు చెప్పులు విడవకముందే విచారణ మొదలుపెట్టేవాణ్ణి. ఇవాళ ఎవరితో మాట్లాడావు? ఎవరి పక్కన కూర్చున్నావు? ఎవరైనా స్నేహితులయ్యారా? వాడు "లేదు నాన్నా" అనేవాడు. బళ్ళో పెద్దలతో మాట్లాడి సెక్షను మార్పించాను. పదిహేను రోజుల్లో ట్యూషన్‌లో చేర్చాను. అక్కడ కూడా కలవడం లేదని తెలిసి, ఆ ట్యూషన్ మాన్పించి మరొకదాంట్లో వేశాను. ఆదివారాలు చదరంగం క్లాసు. మా ఆవిడ, "ఏమండీ, వాణ్ణి కాస్త ఊపిరి తీసుకోనివ్వండి" అంది. ఆవిడకి లోకజ్ఞానం తక్కువనుకున్నాను.

ఆ వరసలోనే వాడికి కాలక్షేపంగా ఉంటుందని చేపల తొట్టి కొన్నాను. రెండడుగుల అద్దాల తొట్టి, అడుగున ఇసుక, పైన ఎల్ఈడీ దీపం, ఆరు గప్పీ చేపలు. మావాడు దానివంక చూసి, చాలా రోజుల తర్వాత తనంతట తానుగా ఒక మాట అన్నాడు: "నాన్నా, ప్లాస్టిక్ మొక్కలు వద్దు. నిజం మొక్కలు పెడదాం."

వాడు నోరు తెరిచి అడగడమే నాకు పదివేలు. వెంటనే ఫోనులో వెతికి, కలకత్తా నుంచి నీటిమొక్కలు పంపే వొకరికి 1,800 రూపాయలు కట్టాను. క్రిప్టోకొరైన్ వెండ్టీ రెండు కుండీలు, అనూబియాస్ ఒకటి, జావా ఫెర్న్ ఒకటి, హైగ్రోఫిలా ఒక కట్ట. పేర్లు చూసి బెదరకండి. క్రిప్టోకొరైన్ వెండ్టీ సింహళంలోని వాగుల్లో పుట్టిన మొక్క. అనూబియాస్ ఆఫ్రికాది. హైగ్రోఫిలా అయితే మన పొలాల్లోని నీరుగొబ్బికి దగ్గరి చుట్టమే.

పార్సెలు నాలుగు రోజులకు వచ్చింది. అట్టపెట్టె విప్పాం. లోపల తడి కాగితం, దానిలోపల ప్లాస్టిక్ సంచి, సంచి నిండా చెమట. తెరవగానే పాతబడ్డ తోటకూర వాసన కొట్టింది. క్రిప్టోకొరైన్ ఆకులు కొన్ని నలిగి నల్లబడ్డాయి. హైగ్రోఫిలా సగం ఆకులు రాల్చుకుంది. అనూబియాస్ ఒక్కటే కాస్త ధీమాగా ఉంది. మావాడి మొహం చిన్నబోయింది.

"ఏం ఫర్వాలేదురా, రెండు రోజుల్లో ఎలా కళకళలాడిస్తానో చూడు" అన్నాను. ఈ రెండు రోజుల మాట అననే కూడదని ఇప్పుడు తెలిసింది.

నేను చేసిన వైద్యం చెబుతాను వినండి. మొక్కలకు వెలుతురు కావాలి గదా అని దీపం పన్నెండు గంటలు వెలిగించాను. బలం కావాలి గదా అని ద్రవ ఎరువు సీసామీద రాసినదానికి రెట్టింపు పోశాను. మొక్క అన్నాక పాతాలి గదా అని అనూబియాస్‌ను పీకలదాకా ఇసుకలో పూడ్చాను. అన్నిటికన్నా ఘనకార్యం ఏమిటంటే, వేరు పట్టిందో లేదో తెలుసుకోవాలని రోజు విడిచి రోజు ఒక్కొక్క మొక్కనూ పీకి చూసి మళ్ళీ గుచ్చేవాణ్ణి.

నాలుగోనాటికి క్రిప్టోకొరైన్ ఆకులు జావ అయిపోయాయి. పట్టుకుంటే వేళ్ళకు అంటుకుని వచ్చేవి. వారం తిరిగేసరికి రెండు కుండీల్లోనూ ఇసుకమీద కాడల మొదళ్ళు మాత్రం మిగిలాయి. అద్దాలకు పచ్చటి పాచి పట్టింది. ఒక గప్పీ చచ్చి తేలింది. మావాడు దాన్ని చిన్న వలతో తీసి, మేడమీద పూలకుండీలో పాతిపెట్టి వచ్చి, నాతో ఏమీ అనకుండా గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. ఆ తలుపు చప్పుడు నాకు చాలాసేపు వినపడుతూనే ఉంది.

ఆ మర్నాడు సాయంత్రం మా వీధి చివర చేపల దుకాణానికి వెళ్ళాను. ఆ కుర్రవాడికి పాతికేళ్ళుంటాయి. నా గోడంతా విని నవ్వాడు.

"సార్, ఆకులు పోతయ్. మొక్క యాడికి పోదు. మీరు పీకకుంటే చాలు."

వాడు చెప్పిన సంగతులు తర్వాత పుస్తకాల్లో చూస్తే అక్షరాలా నిజం. నర్సరీల వాళ్ళు ఈ మొక్కల్ని చాలావరకు నీళ్ళలో పెంచరు. వేళ్ళు తడిలో, ఆకులు గాలిలో ఉండేలా తేమగదుల్లో పెంచుతారు. అలా అయితే తొందరగా పెరుగుతాయి, పాచి పట్టదు. గాలిలో పెరిగిన ఆకుకి మైనంలాంటి పూత ఉంటుంది, ఊపిరి పీల్చే రంధ్రాలుంటాయి. ఆ ఆకుని తెచ్చి నీళ్ళలో ముంచితే ఆ పూతే దానికి అడ్డం. గాలిలో కన్నా నీటిలో బొగ్గుపులుసు వాయువు కదలిక పదివేల రెట్లు నెమ్మది. ఆ చాలీచాలని గాలిని పీల్చుకోవాలంటే పలచని, పూత లేని కొత్త ఆకు కావాలి. అందుకని మొక్క పాత ఆకుల్ని వదిలేస్తుంది. వాటిలో ఉన్న సారాన్ని చేతనైనంత వెనక్కి తీసుకుని, దుంపలో దాచుకుని, కొత్త నీటికి తగిన కొత్త ఆకు తయారు చేసుకుంటుంది. అంటే, నేను చావనుకున్నది దానికి బట్టలు మార్చుకోవడమన్నమాట.

దానికి తోడు నాలుగు రోజుల చీకటి. చీకట్లో ఆకు అన్నం వండుకోలేదు, దాచుకున్నది తిని బతకాలి. అలా అలిసి వచ్చిన మొక్కమీద నేను ఎండ కుమ్మరించాను. వాడుకునే ఓపిక దానికి లేదు గనుక ఆ వెలుతురునూ ఎరువునూ పాచి తినేసింది. కుళ్ళిన ఆకులు తీసెయ్యకపోవడం వల్ల అమోనియా పుట్టి చేప చచ్చింది.

ఇదంతా తెలుసుకుని ఇంటికి వచ్చేసరికి మా అమ్మ దిగి ఉంది. నాట్లు అయిపోయాయట, వరలక్ష్మీ వ్రతానికి వచ్చింది. మావాడు ఆవిడ పక్కన కూర్చుని తొట్టి చూపిస్తున్నాడు. నేను వెళ్ళి, చేపల దుకాణంలో విన్న శాస్త్రమంతా ఏకరువు పెట్టాను. ఆవిడ ఓపిగ్గా విని, కళ్ళద్దాలు సవరించుకుని, ఇసుకలో మిగిలిన ఆ మొదళ్ళకేసి చూసింది.

"మూన తిరగందే ఎలాగరా?" అంది.

ఆ మాట విని పాతికేళ్ళయి ఉంటుంది. తెలుగులో ఎం.ఏ. చదివి, ఇన్నేళ్ళుగా పిల్లలకు తెలుగు చెబుతున్నవాణ్ణి. మా పొలం గట్టుమీద పుట్టిన ఆ మాట నా నోట ఒక్కసారీ రాలేదు. తెలియనివారి కోసం చెబుతున్నాను. నారుమడిలో పెరిగిన నారు పీకి చేలో నాటితే, వారం పదిరోజులపాటు పసుపు తిరిగి, ఆకు కొనలు ఎండి, చేను చేనంతా చచ్చినట్టే కనపడుతుంది. తర్వాత పాత వేరు పోయి, కొత్త వేరు మట్టిని పట్టుకుని, మొవ్వులోంచి పచ్చటి ఆకు లేస్తుంది. దాన్నే మూన తిరగడం అంటారు.

"నాటిన మూడోరోజున చేలో దిగి, వేరు పట్టిందా అని దుబ్బు పీకి చూసేవాణ్ణి ఊళ్ళో ఏమంటారురా?" అని అడిగింది మా అమ్మ.

నేను సమాధానం చెప్పలేదు. మావాడు ఫక్కున నవ్వాడు. జూన్ తర్వాత వాడు అలా నవ్వడం అదే మొదలు.

ఆ రాత్రి మేం ముగ్గురం కూర్చుని తొట్టికి మళ్ళీ మొదటినుంచి సేవ చేశాం. ఇలాంటి మొక్కలు తెప్పించుకునే వారికి ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నాను. పార్సెలు వచ్చిన వెంటనే విప్పి, మొక్కల్ని తొట్టి నీళ్ళంత వెచ్చగా ఉన్న నీళ్ళలో కడగాలి. కుండీలో వేళ్ళ చుట్టూ ఉండే దూదిలాంటి రాతినారను నెమ్మదిగా విడదీసి తీసెయ్యాలి. జావ అయిన ఆకుల్ని మొదలుదాకా కత్తిరించాలి, బాగున్నవాటి జోలికి పోకూడదు. ముదిరిన నారు నాటేటప్పుడు కొనలు తుంచి నాటడం లేదూ? ఇదీ అంతేనంది మా అమ్మ. తర్వాత దుంపను వేళ్ళతో నొక్కి చూడాలి. గట్టిగా ఉంటే, పైన ఒక్క ఆకు లేకపోయినా మొక్క బతికే ఉన్నట్టు. మెత్తబడి వాసన వేస్తే ఆ మేరకు కోసెయ్యాలి.

అనూబియాస్‌కీ జావా ఫెర్న్‌కీ పసుపుకొమ్ములాంటి అడ్డకాడ ఉంటుంది. దాన్ని ఇసుకలో పూడిస్తే కుళ్ళిపోతుంది. రాయికో కర్రముక్కకో దారంతో కట్టాలి. నేను పాతిన అనూబియాస్‌ను మావాడు బయటికి తీశాడు. కాడ ఒక కొసన మెత్తబడింది. ఆ ముక్క కోసేసి, మిగిలినదాన్ని మా ఆవిడ కుట్టుపెట్టెలోని నల్లదారంతో నల్లరాయికి కట్టాడు. క్రిప్టోకొరైన్‌ను మాత్రం వేళ్ళు ఇసుకలో, మొవ్వు పైన ఉండేలా పాతాలి. అదే చివరిసారి, మళ్ళీ చెయ్యి పెట్టకూడదు. హైగ్రోఫిలా కాడలు కింద కుళ్ళితే పై కొనలు తుంచి గుచ్చితే చాలు, కణుపుల దగ్గర వేళ్ళు వేస్తుంది.

దీపం ఆరు గంటలకు తగ్గించాం. ఎరువు సీసా బీరువాలో పెట్టేశాను. మూడు రోజులకొకసారి పావు వంతు నీళ్ళు మార్చి, రాలిన ఆకుల్ని ఏరడం మావాడి పని. మార్చే నీటిలో క్లోరిన్ వాసన లేకుండా చూసుకోవడం నా పని. మిగతా పనంతా మొక్కదే.

ఇంత చేసినా ఊరుకోవడం ఎంత కష్టమో చెప్పలేను. చేతులు జేబులో పెట్టుకుని తొట్టి ముందు నిలబడేవాణ్ణి. ఆ రోజుల్లోనే లండను వైద్యుడు నథానియల్ వార్డ్ సంగతి చదివాను. 1829లో ఆయన ఒక పురుగుగూడును మూతపెట్టిన గాజుసీసాలో దాచి ఉంచితే, లోపలి మట్టిలోంచి ఫెర్న్ మొక్క, గడ్డి వాటంతట అవే మొలిచి పెరిగాయట. దానిమీద ఆయన గాజుపెట్టెలు చేయించి, 1833లో మొక్కలు నింపి ఓడమీద సిడ్నీకి పంపితే, నెలల తరబడి సముద్రయానం చేసి ప్రాణాలతో దిగాయి. అంతకుముందు ఓడలమీద మొక్కలు చాలామట్టుకు చచ్చేవి. ఉప్పుగాలి తగిలి ఎన్నో చచ్చేవి. తరవాత రాబర్ట్ ఫార్చ్యూన్ చైనా నుంచి మన హిమాలయాల తోటలకు తేయాకు మొక్కలు వేలకొద్దీ తెచ్చింది ఆ పెట్టెల్లోనే. వార్డ్ పెట్టెలో ఉన్న మహిమ మరేమీ కాదు. తగినంత తడీ వెలుతురూ ఇచ్చి, మూత వేసి, ముట్టుకోకుండా ఉండటమే.

ఒకనాటి రాత్రి అందరూ పడుకున్నాక ఈ సంగతి మా అమ్మకు చెబుతున్నాను. ఆవిడ అంతా విని, మావాడి గదివైపు తల తిప్పి, గొంతు తగ్గించి అంది:

"మొక్కల సంగతి బాగానే తెలుసుకున్నావు గాని, ఆ పిల్లాణ్ణి రోజూ సాయంత్రం పీకి చూస్తున్నావేమిట్రా?"

నేను నిలువునా చెమర్చిపోయాను. సెక్షను మార్పు, రెండు ట్యూషన్లు, చదరంగం, గుమ్మంలో విచారణ అన్నీ వరసగా కళ్ళముందు తిరిగాయి. వాడు పదమూడేళ్ళు ఒక నీళ్ళలో పెరిగాడు. ఆ మాటలు, ఆ కాలవగట్టు, ఆ స్నేహితులు వాడి ఆకులు. అవి ఇక్కడి నీటికి రాలిపోతున్నాయి. రాలడం తప్పదు. వాటిని నేను అతికించలేను. పైగా వేరు పట్టకముందే మూడుసార్లు పీకి మూడుచోట్ల నాటాను. వాడి మంచి కోసమే అనుకున్నాను. నిజం చెప్పాలంటే, వాడు కుదురుకున్నాడని తెలిస్తే నా మనసు కుదుటపడుతుందని. ఉద్యోగం కోసం ఊరు మార్చింది నేను గదా! వాడి దిగులు చూసినప్పుడల్లా అది నామీద ఫిర్యాదులా ఉండేది. ఆ ఫిర్యాదు త్వరగా కొట్టేయించుకోవాలన్నదే నా ఆత్రం.

మర్నాడు చదరంగం క్లాసు మాన్పించాను. ట్యూషన్‌కు వెళతావా, మానతావా అని వాణ్ణే అడిగితే, "లెక్కలకి వెళతాను" అన్నాడు. సాయంత్రం వాడు వచ్చేసరికి పేపరు అడ్డం పెట్టుకుని కూర్చునేవాణ్ణి. నోటిదాకా వచ్చిన ప్రశ్నలు మింగడం దీపం ఆరు గంటలకు కట్టెయ్యడం కన్నా కష్టమైంది. నాలుగోరోజున వాడే అడిగాడు: "నాన్నా, నీకు ఒంట్లో బాగాలేదా?"

తొట్టిలో మొదటి ఆకు ఇరవై మూడోరోజున కనపడింది. చూసింది మావాడే. ఇసుకలోంచి సూదిమొనంత గోధుమరంగు చుట్ట. మూడు రోజుల్లో అది విప్పారింది. కలకత్తా నుంచి వచ్చిన ఆకు వెడల్పుగా, మందంగా ఉండేది. ఇది సన్నగా, పలచగా, అంచులు అలలు తిరిగి ఉంది. అదే మొక్క, ఆకు మాత్రం వేరు. పాత ఆకు మళ్ళీ రాదని దుకాణం కుర్రవాడు ముందే చెప్పాడు. రెండో కుండీలో మొక్క మాత్రం ఎంతకీ లేవలేదు. నేను మరీ ఎక్కువసార్లు పీకింది అదే.

దసరా సెలవులయ్యాక ఒక సాయంత్రం గుమ్మంలో మూడు జతల బూట్లు కనపడ్డాయి. లోపల మావాడు, మరో ఇద్దరు పిల్లలు తొట్టి ముందు మోకాళ్ళమీద కూర్చుని ఉన్నారు. మావాడు వాళ్ళకి చెబుతున్నాడు: "ఆకులు పోతయ్ రా, మొక్క యాడికి పోదు." చేపల దుకాణం భాష అచ్చంగా దించేశాడు. ఆ వెంటనే ఒక పిల్లవాడు "మరి దీన్ని రాయికెందుకు కట్టినవ్?" అని అడిగితే, "ఆయ్, చెబుతానుండు" అన్నాడు. ఆ పిల్లలు నవ్వారు. వాడూ నవ్వాడు.

ఎవరి పిల్లలు, ఎక్కడుంటారు, ఏ సెక్షను అని అడగబోయి, నాలిక్కరుచుకుని వంటింట్లోకి తప్పుకున్నాను. మా ఆవిడ టిఫిన్ డబ్బా కడుగుతోంది. ఖాళీగా వచ్చిందా అని సైగ చేశాను. రెండు మెతుకులు మిగిల్చాడని వేళ్ళతో చూపించింది.

రాత్రి అమ్మకు ఫోన్ చేశాను. ఆవిడ వ్రతం కాగానే ఊరికి తిరిగి వెళ్ళిపోయింది, చేను చూసుకోవాలని.

"మూన తిరిగిందమ్మా" అన్నాను.

ఏది తిరిగిందని ఆవిడ అడగలేదు.

"మంచిది. ఇప్పుడు పైపాటుగా కాస్త ఎరువు వెయ్యి" అంది. ఆ వెంటనే, నా సంగతి గుర్తుకొచ్చింది కాబోలు, గట్టిగా అంది: "కాస్తే సుమా!"